గాలివానల పేర్లు – వాటి వెనుకనున్న చరిత్ర

వాన రాకడ, ప్రాణము పోకడ యెవరికిని తెలియవని మన పూర్వులు చెప్పిరి. ప్రాణము పోకడ నేటికిని తెలియదు. వాన రాకడను మాత్రము కొంతవరకు ముందుగా తెలిసికొను విద్య గడచిన నూటయేబది యేండ్లలో పెరిగినది. ఆ విద్య మన దేశమునకు ఇంగ్లీషు మాటలలో వచ్చినది. ఆకాశవాణిలోను, పత్రికలలోను, ఇప్పుడు చేతిలోని ఫోనులోను మీరు వినుచున్న అల్పపీడనము, వాయుగుండము, తుఫాను, ఉప్పెన, వరద, హెచ్చరిక అను మాటలు ఒక్కొక్కటి ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు బదులుగా నిలిచియున్నవి. ఇంగ్లీషులో ఆ మాటలకు పొలముగట్ల వంటి హద్దులు కలవు. ఒకదాని మేరలోనికి మరియొకటి రాదు. ఆ మాటలు మన చెవిని చేరునప్పటికి ఆ గట్లు తెగి, అన్నియు కలిసి 'గాలివాన' అను ఒకే మడుగుగా మారుచున్నవి.

ఖమ్మము, భద్రాచలముల అడవి సరిహద్దున నివసించు వారికి ఇది పండితులు పొద్దుపుచ్చుకొను ముచ్చట కాదు. ఇక్కడ ఒక మాటను తక్కువగా అర్థము చేసికొన్నవాడు పశువులను వాగు ఆవల విడిచి నిద్రపోవును. ఎక్కువగా అర్థము చేసికొన్నవాడు పదిమారులు మూటగట్టి, పదునొకండవమారు విసిగి ఇంటనే యుండిపోవును. కావున ఈ మాటలు ఎక్కడ పుట్టినవి, ఏ దారిని మన యూరికి వచ్చినవి, వేనికి వేనితో భేదము కలదు అను సంగతిని నేడు మీకు మనవి చేసెదను.

మొదట ఈ సరిహద్దు సంగతి చెప్పవలెను. 1860వ సంవత్సరమున నిజాము ప్రభువు గోదావరి యెడమగట్టునగల భద్రాచలము, రేకపల్లి మొదలగు తాలూకాలను ఇంగ్లీషువారికి విడిచిపెట్టెను. అవి కొంతకాలము మధ్యపరగణాలలో ఎగువ గోదావరి జిల్లాయందు ఉండెను. 1874లో భద్రాచలము, రేకపల్లి తాలూకాలు మదరాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరినవి. కుడిగట్టునగల బూర్గంపాడు, పాల్వంచ, వాటి వెనుకనున్న ఖమ్మము 1948 వరకు నిజాము రాజ్యముననే యుండెను. నది ఒక్కటి, గట్లు రెండు, దొరతనములు రెండు. ఎడమగట్టు కచేరీలో ఇంగ్లీషు చెల్లెను. కుడిగట్టు కచేరీలో ఉర్దూ చెల్లెను. రైతు మాత్రము రెండు గట్లను తెలుగే మాటలాడెను. అడవిలో కోయవారు తమ కోయభాష మాటలాడిరి. 1953లో ఖమ్మము జిల్లా యేర్పడినది. 1959లో భద్రాచలము ప్రాంతము తూర్పు గోదావరి జిల్లానుండి ఖమ్మమునకు వచ్చినది. 2014లో కూనవరము, చింతూరు, వర రామచంద్రాపురము మొదలగు మండలములు ఆంధ్రప్రదేశములో చేరగా, భద్రాచలము పట్టణము తెలంగాణముననే నిలిచి, 2016నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. హద్దులు ఇన్నిమారులు మారినను ఆ రెండు కచేరీల మాటలు మాత్రము మన నోట నిలిచిపోయినవి. తుఫాను అను మాట అట్టిదే.

తుఫాను తెలుగుమాట కాదని మీరెరుగుదురు. అది అరబ్బీనుండి పారశీకమునకు, అచ్చటనుండి హిందుస్తానీకి, పిదప మనకు వచ్చినది. అరబ్బీలో ఆ మాటకు మొదటి యర్థము గాలి కాదు, నీరు. లోకమంతయు మునిగిన జలప్రళయమునకు అరబ్బులు పెట్టిన పేరు తూఫాను. నోవహు ప్రవక్త ఓడనెక్కిన నాటి మహాజలమును ఖురాను ఆ పేరిటనే పిలుచుచున్నది. సముద్రముపై తిరుగు నావికుల నోట బడిన పిదప అది నీటిని విడిచి గాలిని పట్టుకొనెను. పోర్చుగీసువారు దానిని తూర్పు సముద్రములకు కొనిపోయిరి. చీనాదేశమున పెనుగాలి యను నర్థము గల ఇంచుమించు అట్టి ధ్వనియే కల మాట యొకటి ముందే యుండెను. గ్రీకులకు తుఫోను అను సుడిగాలి రాక్షసుడుండెను. ఈ మూడును కలిసి ఇంగ్లీషులో 'టైఫూన్' అయ్యెను. ప్రళయమని చెప్పవలసిన మాట ఈ విధముగా పెనుగాలి యని చెప్పుటకు దిగినది. భద్రాచలమువారికి మాత్రము దాని మొదటి యర్థమే నిజమగుచున్నది. సముద్రముపై గాలిగా పుట్టినది ఈ గట్టుకు నీరుగా వచ్చుచున్నది.

నిజాము కచేరీనుండి వచ్చిన మరి రెండు మాటలు చూడుడు. నది పొంగుటను ఉర్దూలో 'తుగ్యానీ' అందురు. హద్దుమీరుట, తిరుగబడుట యని దాని మూలార్థము. 1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదును ముంచినప్పుడు ఆ దుర్దినమునకు ఆ నగరవాసులు ఆ పేరే పెట్టిరి. రెండవ మాట 'మౌసం'. అరబ్బీలో దాని యర్థము ఋతువు, నియమితకాలము. నావలు ఏ నెలలో ఏ గాలికి బయలుదేరవలెనో చెప్పు మాట యది. పోర్చుగీసువారి మూలమున అదియే ఇంగ్లీషులో 'మాన్సూన్' అయినది. కనుక ఇంగ్లీషు మాన్సూనును ఉర్దూ మౌసమును ఒకే తల్లి బిడ్డలు. కాని ఇంగ్లీషులో అది ఆరునెలలకొకమారు దిక్కు మార్చుకొను గాలికి పేరయి, పిదప ఆ గాలి తెచ్చు వానకు పేరయినది. ఉర్దూలో ఏ నాటి గాలి, ఎండ, వానకైనను చెల్లుచున్నది. లాటినులో కాలమునకు పేరైన 'తెంపుస్' నుండియే ఇంగ్లీషు 'టెంపెస్ట్', అనగా గాలివాన, పుట్టినది. మన తెలంగాణపు రైతు సంగతియు ఇట్టిదే. వానలు సకాలమున పడనియెడల 'ఈ యేడు కాలము కాలేదు' అనును. కాలమే వాన, వానయే కాలము. సేద్యము చేయువారును ఓడలు నడుపువారును వాతావరణమును మొదట కాలముగానే యెంచిరని ఇందువలన తెలియుచున్నది.

ఇక గాలి. ఇంగ్లీషులో బ్రీజు, గేలు, స్టార్ము, హరికేను అను మాటలు పూర్వము ఎవరికి తోచినట్లు వారు వాడుచుండిరి. ఒక కప్తానునకు గేలు అయినది మరియొకనికి స్టార్ము. 1805లో ఫ్రాన్సిస్ బోఫర్టు అను నావికాధికారి గాలిబలమును సున్న మొదలు పండ్రెండు వరకు మెట్లుగా ఏర్పరచి ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క పేరు స్థిరపరచెను. ఎనిమిదవది గేలు, పదవది స్టార్ము, పండ్రెండవది హరికేను. హరికేను అను మాట కరీబియను దీవుల ఆదివాసులది. స్పానిషువారి నోటినుండి ఇంగ్లీషువారికి వచ్చినది. ఆ విధముగా వాడుకమాటలు కొలతమాటలు అయినవి. నేడు మనము వినుచున్న వర్గీకరణమంతయు ఆ గాలిమెట్లకు వారసురాలే. ఈ విషయమును మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాను. ఏలయన ముందు చెప్పబోవు చిక్కు అంతయు దీనినుండియే పుట్టినది.

'సైక్లోను' అను మాట మాత్రము మన దేశముననే పుట్టినది. దాని పుట్టుకలో గోదావరి సముద్రములో కలియు చోటునకు భాగము కలదు. హెన్రీ పిడ్డింగ్‌టను అను ఇంగ్లీషువాడు ఓడల కప్తానుగా పనిచేసి, పిదప కలకత్తాలో స్థిరపడి, 1839నుండి బంగాళాఖాతపు గాలివానలను గూర్చి ఓడల దినచర్యలు సేకరించి వ్రాయసాగెను. ఏ ఓడ ఎక్కడనున్నప్పుడు గాలి ఏ దిక్కునుండి వీచినదో ఒకే పటముపై గుర్తించి చూడగా, గాలి తిన్నగా వీచుట లేదనియు, ఒక నడిమిచోటు చుట్టును తిరుగుచున్నదనియు స్పష్టమయ్యెను. మన యర్ధగోళమున అది గడియారపు ముల్లునకు ఎదురుదిక్కున తిరుగును. స్టార్ము, గేలు అను పాతమాటలు గాలి జోరును చెప్పునే గాని దాని తిరుగుడును చెప్పవు. కావున 1848లో ప్రకటించిన తన గ్రంథమున అతడు గ్రీకుభాషనుండి చుట్ట, పాముచుట్ట అను నర్థము వచ్చునట్లు సైక్లోను అను క్రొత్తమాటను కల్పించెను. 1789 డిసెంబరులో కోరంగి రేవును ముంచిన గాలివాన వృత్తాంతమును కూడ అతడు తెలిపెను. అప్పుడు సముద్రమునుండి మూడు పెద్ద అలలు ఒకదాని వెనుక నొకటి లేచివచ్చి, ఓడలను గట్టుకెక్కించి, ఊరిని ముంచివేసెను. 1839 నవంబరులో కోరంగి మరల దెబ్బతినెను.

హరికేను, టైఫూను, సైక్లోను మూడును వేర్వేరు వస్తువులా యని మీరడుగవచ్చును. కావు. ఒకే జాతి గాలివాన అట్లాంటికులో హరికేను, చీనా జపానుల వైపున టైఫూను, మన సముద్రములలో సైక్లోను. 'టోర్నడో' యనునది మాత్రము వేరు. అది వందల మైళ్ల చుట్టుకొలత గలది కాదు. ఉరుములమేఘమునుండి దిగి, కొంతసేపు ఇరుకుదారిలో సర్వము పెరికివేసి పోవునది. ఇంగ్లీషులో రెంటికి రెండు పేర్లుండగా మనము రెంటిని సుడిగాలి యనుటవలన కలత కలుగుచున్నది.

పిడ్డింగ్‌టను గాలిని నీటినుండి విడదీసి చూపెను. సైక్లోను అనగా గాలిచుట్ట. ఆ గాలిచుట్ట తోసుకొనివచ్చు సముద్రజలము వేరు. దానిని ఇంగ్లీషులో స్టార్ము వేవు అనియు, నేడు స్టార్ము సర్జి యనియు అందురు. కోస్తా తెలుగువారు ఏనాటినుండియో దానిని ఉప్పెన యనుచున్నారు. బంగాళమున మాతలా నదిపై క్రొత్తరేవు కట్టదలచినప్పుడు, గాలికన్న ఆ యలకు భయపడుడని అతడు 1853లో గవర్నరు జనరలునకు లేఖ వ్రాసెను. వినువారు లేకపోయిరి. రేవు వెలసెను. 1858లో అతడు మరణించెను. 1867లో గాలివాన వచ్చి ఆ క్యానింగు రేవును పాడుచేసెను. మన తీరమున 1864 నవంబరు 1న మచిలీపట్టణమును సముద్రము ముంచగా సుమారు 30,000 మంది చనిపోయిరి. 1977 నవంబరు 19న దివిసీమలో సుమారు పదివేలమంది చనిపోయిరి. ఆ రెండు చోట్ల ప్రాణములను హెచ్చుగా తీసినది గాలి కాదు, ఉప్పెన. ఉప్పెన సముద్రతీరమునకే గాని భద్రాచలమునకు రాదు. ఇక్కడికి వచ్చునది వరద. ఉప్పెన క్రిందనుండి పైకి వచ్చును. వరద పైనుండి క్రిందికి వచ్చును. ఉప్పెన గాలితో కూడ వచ్చును. వరద గాలి పోయిన రెండుమూడు దినములకు, ఆకాశము తెల్లబడిన పిదప కూడ రాగలదు.

1864లోనే అక్టోబరు నెలలో కలకత్తాను కూడ గొప్ప సైక్లోను దెబ్బతీసెను. తరువాత ఒరిస్సాలో కరవు వచ్చెను. ఇట్టి విపత్తులు చూచిన మీదట 1875లో భారత వాతావరణశాఖ స్థాపింపబడి, హెచ్. ఎఫ్. బ్లాన్‌ఫర్డు దానికి మొదటి యధికారి యయ్యెను. కాలక్రమమున ఆ శాఖ సముద్రముపై పుట్టు గాలిచుట్టలకు మెట్లు కట్టినది. గాలివేగము గంటకు 31 కిలోమీటర్లకు లోపలనున్న అది అల్పపీడనము. 31 మొదలు 49 వరకు వాయుగుండము. 50 మొదలు 61 వరకు తీవ్ర వాయుగుండము. 62 మొదలు 88 వరకు తుఫాను. 89 మొదలు 117 వరకు తీవ్ర తుఫాను. 118 మొదలు అతి తీవ్ర తుఫాను. ఆ పైన ఇంకను రెండు మెట్లున్నవి. 221కి చేరినచో కడపటి మెట్టు. 2004నుండి మన సముద్రములలోని తుఫానులకు పేర్లు పెట్టుచున్నారు. 2014లో విశాఖపట్టణమును కొట్టిన హుద్‌హుద్ అట్టి పేరు. కాని 62 కిలోమీటర్ల మెట్టు ఎక్కనిదానికి నామకరణము లేదు.

ఇక్కడ మాట మనలను మోసగించు చోటు వచ్చినది. పీడనము అనగా ఒత్తిడి. గాలి యొత్తిడి తక్కువైన చోటు అల్పపీడనము. శాస్త్రమున అది సరియైన మాట. కాని మన చెవికి పీడనము పీడగా వినబడును. అల్పపీడనము 'అల్పమైన పీడ' యగును. వినువాడు ఊరట చెందును. ఇంగ్లీషు మాటయు అంతే. వాయుగుండమునకు ఇంగ్లీషున 'డిప్రెషన్' అని పేరు. గుంట, పల్లము అని యర్థము. పల్లమును చూచి ఎవడు భయపడును? ఈ మెట్లన్నియు గాలిని కొలుచునవి. వానను కొలుచునవి కావు. గాలి జోరు ఒత్తిడి యెంత నిటారుగా తగ్గినదో దానినిబట్టి యుండును. వాన, ఆ చుట్టలోనికి ఎంత తడిగాలి చేరినది, అది ఎంత మెల్లగా కదలినది, ఏ కొండలకు తగిలినది యనువానినిబట్టి యుండును. కావున పేరులో చిన్నది నీటిలో పెద్దది కావచ్చును.

దృష్టాంతము దూరమున వెదకనక్కరలేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో ఖమ్మమున జరిగినది మీకు జ్ఞాపకముండును. నాడు సముద్రముపై ఉండినది తుఫాను కాదు. వాయుగుండము మాత్రమే. దానికి పేరు లేదు. అది శ్రీకాకుళము వైపున కళింగపట్టణము చెంత తీరము దాటెను. ఖమ్మమునకు అది ఎంత దూరమో మీరెరుగుదురు. అయినను మున్నేరు పొంగి ఖమ్మములోని పల్లపు వాడలను ముంచెను. జనులు ఇండ్ల కప్పులపై నిలిచి సహాయమునకై ఎదురుచూచిరి. మహబూబాబాదు జిల్లాలో కేసముద్రము చెంత రైలుపట్టాల క్రింది కట్ట కొట్టుకొనిపోయెను. అవే దినములలో విజయవాడలో బుడమేరు ఇండ్లమీదికి వచ్చెను. తుఫాను అను మాట వినబడలేదు గనుక భయము లేదని తలచినవారు ఆ రాత్రి ఎంతమంది యుండిరో! 2022 జూలైలో భద్రాచలమున గోదావరి 71.3 అడుగులకు లేచినప్పుడు కూడ బంగాళాఖాతమున తుఫాను లేదు. అల్పపీడనమును ఋతుపవనమును కలిసి ఆ పని చేసినవి.

వానమాటలకు కూడ కొలతలు కలవు. మనకు చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, కుంభవృష్టి యని ఎన్నియో మాటలున్నవి. ఇవి చూపునకు, చెవికి, ఒంటికి తగిలినదానినిబట్టి పుట్టినవి. ముసురు దినములు లెక్కపెట్టును; జల్లు గడియలు లెక్కపెట్టును. ఇంగ్లీషు వార్తలోని 'హెవీ' మొదలగు మాటలు ఇట్టివి కావు. ఒక దినమున 64.5 మిల్లీమీటర్లు మించినచో భారీవర్షము, 115.6నుండి అతిభారీ, 204.5నుండి అత్యంత భారీ. ఈ మూడు మాటలు చెవికి ఒక్కటిగానే తోచును. సేద్యపు లెక్కలో చూడుడు. ఒక సెంటీమీటరు వాన ఒక యెకరముపై పడినచో సుమారు 40 వేల లీటర్ల నీరగును. అత్యంత భారీ యనగా ఎకరమునకు ఎనిమిది లక్షల లీటర్లకు పైన. భారీకిని అత్యంత భారీకిని మధ్య మూడింతల భేదమున్నది. చెరువుకట్ట నిలుచుటయు తెగుటయు ఆ భేదముననే యున్నది.

ఇక నది. గోదావరిపై ఆనకట్టలు కట్టిన ఇంగ్లీషు ఇంజనీర్లు నది లేచుటకు రెండు మాటలు వాడిరి. సర్ ఆర్థరు కాటను ధవళేశ్వరము ఆనకట్టను 1847లో ప్రారంభింపగా 1852లో అది ముగిసినది. పిదప పడవల రాకపోకలకై భద్రాచలమునకు ఎగువన దుమ్ముగూడెమునొద్ద కూడ ఆనకట్ట వెలసినది. మదరాసు ఇంజనీర్లు గట్లలోపల నది క్రొత్తనీటితో లేచుటను 'ఫ్రెష్' అనిరి. గట్లు దాటి పొలములపై బడుటను 'ఫ్లడ్' అనిరి. మనకును ఈ భేదము లేకపోలేదు. మొదటి వానలకు నది రంగుమారి లేచినప్పుడు 'కొత్తనీరు వచ్చినది' అందుము. అది శుభవార్త. గట్టు దాటినప్పుడు వరద అందుము. అడవివాగుల విషయమున ఇంకొక చక్కని పలుకుబడి కలదు: 'ఏరు వచ్చినది' అందుము. ఏరు నిన్న లేనట్లును, నేడు నడచి వచ్చినట్లును ఆ మాట పలుకును. అందులో అబద్ధము లేదు. ఎండిన వాగులో ఎగువవాన నీరు ఒక్కమారుగా దూకివచ్చుటను ఇంగ్లీషులో 'ఫ్లాష్ ఫ్లడ్' అందురు. తెలుగువార్తలలో మెరుపువరద యనుచున్నారు. 'ఏరు వచ్చినది' యను పాతమాటలో ఆ సంగతి ముందే యున్నది.

పెద్దనది వరద వేరు తీరుది. గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రవహించి, మూడులక్షల పండ్రెండువేల చదరపు కిలోమీటర్లకు మించిన దేశపు నీటిని మోసికొని వచ్చును. ప్రాణహిత, ఇంద్రావతి, తాలిపేరు తమ నీటిని భద్రాచలమునకు ముందే దానిలో కలుపును. విదర్భలోను బస్తరులోను పడిన వానకు భద్రాచలమున ఎండకాయుచుండగా వరద రావచ్చును. అందుచేత 'మీ జిల్లాలో వాన లేదు' అను మాట 'మీకు వరద లేదు' అను మాట కాదు. కూనవరమునొద్ద శబరి గోదావరిలో కలియును. గోదావరి నిండుగా నున్నప్పుడు శబరినీరు పోవ దారిలేక వెనుకకు తన్ని ఊళ్లమీదికి వచ్చును. అచ్చటివారికి ముంపు తమ నదివలన గాక, తమ నదిని అడ్డగించిన నదివలన కలుగుచున్నది.

ఈ వరదకు భద్రాచలమున మెట్లున్నవి. నీటిమట్టము 43 అడుగులకు చేరినప్పుడు మొదటి ప్రమాదహెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టు 16న ఆ మట్టము 75.6 అడుగులకు పోయెను. ఇక్కడ మాట గాలిని కొలువదు, వానను కొలువదు. నిలుచున్న నీటినే కొలుచును. ఈ చోటికి వచ్చిన పేర్లన్నిటిలో మోసము లేనిది ఇదియేయని నా యభిప్రాయము. ఏ యడుగునకు తన గుమ్మము తడియునో ప్రతి ఇంటి పెద్దకు తెలిసినచో వేరు నిఘంటువు అక్కరలేదు.

గాలిపేరు మోసగించు మరియొక సందర్భము ఎండకాలమున కలదు. ఇంగ్లీషున 'హీట్ వేవ్' అనుదానిని మనము వడగాడ్పు అనుచున్నాము. వడగాడ్పు అనగా వేడిగాలి. ఒంటికి తగిలినప్పుడు తెలియునది. ఇంగ్లీషు మాటలో గాలి లేదు. మైదానమున ఎండ 40 డిగ్రీలకు చేరి, ఆ తేదీకి ఉండవలసిన వేడికన్న నాలుగున్నర డిగ్రీలు మించినచో, ఆకు కదలకున్నను అది హీట్ వేవే. గాడ్పు లేదు గనుక భయము లేదని కొత్తగూడెపు టెండలో పనికి పోవువాడు మాటచే మోసపోవుచున్నాడు. మంచు సంగతి దీనికి విరుద్ధము. మనము మంచు అను ఒక్క మాటతో గడ్డిమీది బిందువును, ఉదయపు తెల్లని పొగను, హిమాలయముపై గడ్డను కూడ చెప్పుదుము. ఇంగ్లీషున అవి మూడు నాలుగు మాటలు. తెల్లనిపొగలో సైతము కిలోమీటరు దూరము కనబడనిచో 'ఫాగ్', కనబడినచో 'మిస్ట్'. అడవిదారిని వేకువను బండి నడుపువానికి ఈ భేదము ప్రాణభేదము.

కడపటి మాట హెచ్చరిక. ఇంగ్లీషున వాచ్, అలర్ట్, వార్నింగ్ అని మూడు మెట్లు కలవు. మొదటిది 'కనిపెట్టియుండుడు' అనును. రెండవది 'సిద్ధపడుడు' అనును. మూడవది 'కదలుడు' అనును. తెలుగున మూడింటికి హెచ్చరిక యనియే అనుచున్నాము. అందుకు బదులుగా రంగులు వచ్చినవి. పసుపుపచ్చ కనిపెట్టుటకు, నారింజ సిద్ధపడుటకు, ఎరుపు కార్యమునకు. చదువురానివానికి సైతము రంగు తెలియును గనుక ఇది మేలే. కాని ఆ రంగు ఏ వస్తువునకు పెట్టినదో, గాలికా, వానకా, ఎండకా, అది అడిగి తెలిసికొనవలెను.

పెద్దలారా! గ్రామమున వార్త విని పదిమందికి చెప్పువారు మీరే. కుర్రవాడు వచ్చి 'తాతా, వాయుగుండమట, ఏమీ లేదట' అని చెప్పినప్పుడు నాలుగు ప్రశ్నలు వేయుడు. గాలి యెంత? వాన యెన్ని సెంటీమీటర్లు, ఏ జిల్లాలో? ఎగువ నదిమట్టమెంత, పెరుగుచున్నదా, తగ్గుచున్నదా? మన యూరికి ఎన్ని గడియలకు చేరును? ఈ నాలుగింటికి జవాబు దొరకినచో పేరు ఏదైనను కొరత లేదు. దొరకనిచో ఎంత పెద్ద పేరైనను వ్యర్థమే. మాటలు అరబ్బు దేశమునుండి, గ్రీకు దేశమునుండి, కరీబియను దీవులనుండి మన గట్టుకు వచ్చినవి. నీరు మాత్రము మన గోదావరిదే, మన మున్నేరుదే. ఏ మాట ఆ నీటి సంగతి చెప్పునో, ఏది చెప్పదో తెలిసికొని మెలగుట మన పని.